కోట ముందరి ఖాళీ నేల
(తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెన్నపట్నంలో ఎన్నేళ్లుగా నివసిస్తున్నా, మనలో చాలామందికి సెయింట్ జార్జ్ కోట అంటే సచివాలయం, శాసనసభ మాత్రమే. బస్సులో నుంచి దాని గోడను చూస్తాము, ముందుకు సాగిపోతాము. ఈనాడు ఆ గోడ దగ్గర కాసేపు ఆగుదాము.

ఈ కోట పుట్టుకలోనే తెలుగు పేరొకటి ఉన్నది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ ఇసుక తీరాన్ని ఈస్టిండియా కంపెనీ వారికి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే ఈ ఊరికి చెన్నపట్నమన్న పేరు వచ్చిందని ప్రసిద్ధి. మరుసటి ఏడు కోట పని సాగింది. నాలుగు మూలలా నాలుగు బురుజులు, నడుమ కంపెనీ భవనం: తొలి కోట అంతే.

గోలకొండకు, చంద్రగిరికి కొండే సగం బలం. ఇక్కడ కొండ లేదు. ఉన్నది ఇసుక, సముద్రం, ఏరు. అందుచేత బలమంతా గోడ తీరులోనే చూపవలసి వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్దంలో పెంచి కట్టిన నేటి కోటను గమనించండి. గోడలకు ఎత్తుకన్న మందం ముఖ్యం, ఎత్తైన గోడ ఫిరంగికి సులువైన గురి కనుక. బురుజులు గుండ్రంగా లేవు. బాణపు మొనల వలె బయటికి పొడుచుకొని ఉన్నాయి. గుండ్రటి బురుజు ముందు కాపలావారి గురికి అందని మరుగు కొంత మిగిలిపోతుంది. కోణపు బురుజు ముఖాన్ని పక్క బురుజు నుంచి కాయవచ్చును. తూర్పున ఆనాడు అలలు గోడకు చేరువగా వచ్చేవి. పందొమ్మిదవ శతాబ్దం చివర ఓడరేవు గోడలు కట్టిన తరువాత ఇసుక మేట వేసి సముద్రం దూరమైంది. పడమట పారే ఏటినైతే మనుషులే మళ్లించి కోటను విస్తరించారు.

లోపల 1680లో ప్రతిష్ఠించిన సెయింట్ మేరీ చర్చి ఉన్నది. దాని పైకప్పుకు దూలాలు లేవు. మందమైన ఇటుక కమానే కప్పు. గుండు పడినా కూలకూడదన్నది దాని ఉద్దేశం. ప్రార్థనామందిరాన్ని సైతం యుద్ధ భయంతోనే కట్టారన్నమాట.

ఇంత చెప్పినా, ఈ కోటలోని ఒక ముఖ్య భాగాన్ని నేనింకా చెప్పలేదు. అది గోడ కాదు, బురుజు కాదు. గోడ బయటి ఖాళీ నేల.

వీధుల పేర్లను తెలుగులో రాసే పనిలో ఒకనాడు 'ఎస్‌ప్లనేడ్' అన్న మాట వద్ద ఆగిపోయాను. అక్షరాలు రాయడం తేలిక. అర్థం వెదికితే మనసు కలతపడింది. కోట ముందు గురికి అడ్డులేకుండా ఖాళీ చేసి ఉంచిన నేల అని దాని అర్థం. మరి ఖాళీ చేయకముందు అక్కడ ఏమున్నది?

ఊరున్నది. కోటకు ఉత్తరాన, గోడకు దాపుగా, తెలుగు, తమిళ వర్తకులు, దుబాసీలు, చేతిపనివారు నివసించిన పాత పేట అది. తెల్లవారు దానిని నల్లవారి పట్టణమన్నారు. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొన్నారు. కోటకు ఆనుకొని ఇళ్లుంటే శత్రువు వాటి చాటున దాగి వస్తాడని, దగ్గరి ఇళ్లను పడగొట్టసాగారు. 1749లో కోట తిరిగి వచ్చాక ఆంగ్లేయులు అదే పని పూర్తిచేశారు. 1757లో చెన్నకేశవస్వామి ఆలయమూ నేలమట్టమైంది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడించినప్పుడు కోట నిలిచింది. ఫిబ్రవరిలో అతడు వెనుదిరిగాడు. 1773లో ఆరు హద్దు స్తంభాలు నాటి, వాటికీ కోటకూ నడుమ ఏ కట్టడమూ కూడదన్నారు.

ఊరు ఉత్తరానికి జరిగింది. నేటి జార్జ్ టౌన్ అదే. స్వామికి తరువాత పూక్కడై వద్ద చెన్నమల్లీశ్వరునితో కలిపి కొత్త కోవెలలు వెలిశాయి. పాత పేట ఉన్న నేల మీద నేడు హైకోర్టు ఉన్నది. ఆరు స్తంభాలలో ఒకటి ప్యారీస్ మూలన ఇప్పటికీ నిలిచి ఉన్నది.

ఒక సెలవునాడు గుర్తింపు కార్డు వెంట ఉంచుకొని, పిల్లలతో కోటలోని మ్యూజియం చూడండి. అక్కడ నుంచి ఆ స్తంభం దాకా, ఆపైన కోవెల దాకా నడవండి. తరలిపోయిన ఊరి దారి అదే.

చివరగా ఒక మాట. బతుకుతెరువుకై వచ్చిన మన ఇళ్లలో కొన్ని కాలువ గట్లపైన, రోడ్డు వారల ఉన్నాయి. రేపు ఏదో పటంలోని గీత వాటి మీదుగా పోవచ్చును. పటంలో ఖాళీగా కనబడే చోటెల్లా నిజంగా ఖాళీ కాదు. ఊరికి కాలువలూ కావాలి, రోడ్లూ కావాలి; కాదనను. అయితే నోటీసు వచ్చినప్పుడు, భాష తెలియదని దానిని మడిచి పెట్టెలో దాచకండి. చదివించుకోండి. గడువు ఎంతో తెలుసుకొని, చెప్పవలసినది గడువులోపల రాసి ఇవ్వండి. అటువంటి కాగితాలను మీ భాషలోకి తేవడమే నా ఉద్యోగం. పాత పేట కథ తెలిసిన తరువాత, వాటిలో ఏ వాక్యాన్నీ నేను తేలికగా రాయలేకపోతున్నాను.