కథా మనదే, లెక్కా మనదే

(చీపురుపల్లి దగ్గర ఒక పేటలో, సెలవులకి ఇళ్లకొచ్చిన కాలేజీ పిల్లలూ పెద్దలూ కూడిన సభలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం)



మన పేటల్లో పుస్తకం అంటే పరీక్ష. పాసైతే హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం. ఫెయిలైతే విశాఖలోనో చెన్నైలోనో సిమెంటు పని. అందుకే మన పిల్లలు గైడు చదువుతారు, పుస్తకం చదవరు. తాతలనాటి బీరువా నిండా పుస్తకాలున్న ఇంట్లో కథ కాలక్షేపం. గోడకి గూడు కూడా లేని ఇంట్లో కాలక్షేపం అన్న మాటే దొరల మాట.

"సదువుకునే గుంటవి, నీకు కతల పుస్తకం ఎందుకే?" అని మా ఇంట్లో అనేవారు. నేను చదివిన బళ్లో ఒక మేష్టారు బీరువా తాళం తీసేవారు కాదు. "మీకు పాఠం వస్తే చాలు" అనేవారు. ఆ 'మీకు' అంటే ఎవరో మాకు తెలుసు. మనవాళ్లు బతుకు భయంతో అన్నారు, ఆయన కులంతో అన్నారు. రెండూ కలిసి సుఖంగా చదువుకునే హక్కు మనకి లేదనే చెప్పాయి.

సుఖం మనకి కొత్తా? ఊడుపుల్లో మన అమ్మలు నడుం వంచి పాడిన పాటలు ఎవరు పరీక్ష పెడితే పాడారు? జముకుల కథ పెడితే తెల్లవార్లూ కూర్చున్నది ఏ మార్కుల కోసం? రాత రాకముందే మనకి సాహిత్యం ఉంది. అక్షరం దగ్గరకొచ్చేసరికి మాత్రం మనం భయపడుతున్నాం.

బాబాసాహెబ్‌ని చూడండి. కుర్రతనంలో బొంబాయి పార్కులో కూర్చుని చదువుకునేవాడు. అక్కడ చూసి పలకరించిన కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఆయన, తర్వాత పరీక్ష పాసైనందుకు జరిగిన అభినందన సభలో, తాను రాసిన బుద్ధుడి చరిత్ర బహుమతిగా ఇచ్చాడు. అది ఏ పరీక్షకీ పాఠ్యపుస్తకం కాదు. ఆ పుస్తకం మనసులో నాటుకుంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. మార్కులు రాని చదువు ఎంత దూరం పోతుందో చూశారా?

ఇక మన ప్రాంతం కథ. మురపాకలో 1924లో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' 1966లో 'యువ'లో అచ్చయింది. మొదటిసారి ఒక్క రాత్రిలో చదివేశాను. సుందరపాలెం పంచాయతీ, గోపన్న అప్పు, అప్పల్రాముడు, చివర సీతారాముడు కన్నబిడ్డని చంపుకోవడం. నిద్ర పట్టలేదు. ఇదేం సుఖం అంటారేమో. మన బతుకు అచ్చులో కనపడితే గుండె బరువెక్కుతుంది, తేలికా అవుతుంది. రెండూ ఒకేసారి.

ఎమ్మేలో మళ్లీ చదివాను. ఈసారి పెన్సిలు పట్టుకున్నాను. ఊరు బాగుపడుతుంటే అప్పల్రాముడి ఇల్లు ఎందుకు చితికింది? పంచాయతీలో ఎవరి మాట చెల్లింది? బిడ్డని కన్న తల్లి మాట ఎక్కడ? రాసినాయన మన పేటవాడు కాదు. కాదని పుస్తకం పారెయ్యం. అలాగని దండమూ పెట్టం. అడుగుతాం.

2012 జూన్ 12న లక్ష్మీపేటలో, మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకున్న భూమి సాగు దగ్గర, అయిదుగురు దళితుల్ని నరికి చంపారు. ఆ వార్త చూశాక 'యజ్ఞం' మూడోసారి తీశాను. అప్పుడది మార్కుల పుస్తకం కాదు, మన ఊళ్ల భూమి లెక్క.

విజయనగరం గురజాడ 1911లో 'లవణరాజు కల' రాశాడు. సభల్లో అందులోంచి ఒక్క ముక్క చదివి చప్పట్లు కొట్టించుకుని పోతారు. మొత్తం చదివినవాడికి తెలుస్తుంది, రాజు మాలపిల్లని ప్రేమించింది కలలో అని. మెలకువలో సంగతేమిటని మనం అడగాలి. సుఖంగా చదవనివాడు చివరిదాకా చదవడు. చివరిదాకా చదవనివాడు ప్రశ్న వెయ్యలేడు.

కథలు చదివితే ఉద్యోగాలొస్తాయా అని పెద్దలు అడుగుతారు. రావు. కానీ పంచాయతీలో కాగితం చదివి వినిపించినప్పుడు అందులో ఏం చెప్పారో, ఏం దాచారో పట్టుకునే చెవి వస్తుంది. అప్పు కాగితం మీద వేలిముద్ర వేసిన జాతికి అది చిన్న సంగతి కాదు.

కార్యకర్తలకి ఒక మాట. పేటకో ట్రంకుపెట్టె పెట్టండి, తాళం వెయ్యకండి. వారానికో రాత్రి చదువొచ్చినవాళ్లు చదవండి, రానివాళ్లు వినండి. మొదటి రాత్రి కథ ఆపకుండా చదవాలి. మర్నాడు ప్రశ్నలు వెయ్యాలి. పాత కథలు కావాలంటే శ్రీకాకుళంలో రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథానిలయం ఉంది, వెళ్లండి.

తర్వాత మీరు రాయండి. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది, దళిత కవులు ఒక్క పుస్తకంలో గొంతెత్తారు. మన రెల్లి తల్లుల కథ, పైడి తాతల కథ ఇంకా ఎంతో రాయాల్సి ఉంది. అవి పిల్లలు దుప్పట్లో దూరి దీపం పెట్టుకుని చదివేలా ఉండాలి, కోర్టులో సాక్ష్యంలానూ నిలబడాలి.

జై భీమ్!