భయంగా ఉందని చెప్పిన రోజు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షులవారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. సర్వీసులో ఉన్నప్పుడు ఒక ఫైలు ఒక బల్ల మీద నుంచి పక్క బల్ల మీదికి రావడానికి పది రోజులు పట్టేది కనుక, ఇది ఉదారంగా ఇచ్చిన సమయమే.

1986 ఆగస్టు గోదావరి వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారంటే, ఆ నీరెంతో ఊహించుకోండి. ఆ నీరు రావడానికి ముందు రోజు నేను కూనవరం దాటి, శబరి ఒడ్డున ఒక కోయ గూడెంలో ఉన్నాను. అప్పుడు నావి కుర్రతనపు రోజులు, గుమాస్తా ఉద్యోగం. గోదావరి పెరిగితే శబరి నీరు పోయే దారిలేక వెనక్కి తంతుంది. వాన లేని ఊరు కూడా మునుగుతుంది. అందుకే అక్కడివాళ్ళను తరలించమని మమ్మల్ని లాంచీలో పంపారు. మేము నలుగురం: మా అధికారి, నేను, అటెండరు, లాంచీ సరంగు.

మా అధికారి ఊరివాళ్ళను చింతచెట్టు కింద కూర్చోబెట్టి, భయపడాల్సిందేమీ లేదు, ముందు జాగ్రత్తగా రమ్మంటున్నాం అని గంటసేపు చెప్పారు. ఒక్కరూ కదల్లేదు. చివరికి ఒక ముసలవ్వ లేచి నన్ను అడిగింది: "భయమేం లేకుంటే నువ్వెందుకు ఊకూకె లాంచీ దిక్కు చూస్తున్నవు, సారూ?"

నాకు మాట రాలేదు. మా అటెండరు అన్నాడు: "అవ్వా, నాకు ఈత రాదు. పొద్దుగాల నుంచి కాళ్ళు వణుకుతున్నయ్. నేనైతే ఈ రాత్రి ఈడ ఉండను."

అధికారి అతని వైపు కోపంగా చూశారు. ఆయన నోరు తెరిచేలోగా అవ్వ ఇంట్లోకి వెళ్ళి కోళ్ళగంప తెచ్చింది. ఆమె వెనక ఊరంతా లేచింది. మేకలు, ఇప్పపువ్వు మూటలు, పసిపిల్లలు, అన్నీ ఒడ్డుకు చేరాయి.

అసలు సంగతి ఆ తరువాత జరిగింది. అందరినీ ఒకేసారి ఎక్కించాలని అధికారి తొందరపడుతుంటే, అప్పటిదాకా నోరు విప్పని సరంగు, "అయ్యా, నాక్కూడా భయంగానే ఉంది. ఇంతమందితో ఈ సుడి దాటలేను. చీకటి పడకముందే రెండు దఫాలుగా వేద్దాం" అన్నాడు. ఆ మాట పొద్దుటి నుంచి అతని మనసులోనే ఉందట. అందరూ ధైర్యంగా ఉన్నారు కదా, నేనొక్కణ్ణే పిరికివాణ్ణి అనిపించుకోవడమెందుకని ఊరుకున్నాడట. అధికారి కాసేపు నీళ్ళవైపు చూసి, "నాకూ ఈత రాదయ్యా" అన్నారు. రెండు దఫాలుగానే వేశాం. అందరం ఒడ్డెక్కాం.

మర్నాడు రిపోర్టు రాయమంటే, "ప్రజలకు ధైర్యము చెప్పి సురక్షిత ప్రాంతమునకు తరలించడమైనది" అని రాశాను. ఆ వాక్యం రాసింది ఈ చెయ్యే. అటెండరు పేరు అందులో లేదు.

1950వ దశకంలో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడని మా మనవడు చెప్పాడు. కంటికి స్పష్టంగా కనిపించే గీతల పొడవును చుట్టూ ఉన్నవాళ్ళంతా కావాలని తప్పు చెబితే, చాలామంది తామూ తప్పే చెప్పారట. గుంపులో ఒక్కడు నిజం చెబితే చాలు, మిగతావాళ్ళలో ఆ లొంగుబాటు బాగా తగ్గిందట. అది గీతల సంగతి, మనసు సంగతి కాదు. అయినా నాకు మా అటెండరే గుర్తొచ్చాడు.

ఇంత తెలిసీ నేను మళ్ళీ తప్పు చేశాను. 2014లో, పోలవరం ముంపు కారణంగా, మన జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని గ్రామాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అటువైపు ఇల్లు కట్టుకున్న మన మిత్రుడొకాయన ఉన్నచోటే ఉండి వేరే రాష్ట్రంవాడయ్యాడు. ఆ తరువాత టీ దగ్గర కలిసినప్పుడు, "ఇంక మీరు ఫారిన్ వాళ్ళు, పాస్‌పోర్టు తెచ్చుకోండి" అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆయన కప్పు పట్టుకున్న చెయ్యి నేను చూశాను. చూసి కూడా బిస్కట్టు అందుకున్నాను.

తరువాత ఆయన రావడం మానేశాడు. ఆరు నెలలకు నేనే భద్రాచలంలో దిగి, మరో బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. "మీరు నవ్వినందుకు కాదు, నేనూ నవ్వినందుకు బాధ" అన్నాడు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అదీ బాగానే ఉంది.

2022 జులైలో గోదావరి మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. నీరు ఇంకా పెరుగుతుండగానే ఫోన్ చేసి, ఎలా ఉన్నావన్నాను. "బాగానే..." అని ఆగాడు. "మీ చెల్లెల్ని ముందే పంపించాను. నాకు భయంగా ఉంది" అన్నాడు. నువ్వూ బయల్దేరి వచ్చెయ్యమన్నాను. పదకొండు రోజులు ఖమ్మంలో మా ఇంట్లో ఉన్నారు. మా ఆవిడ చేతి కాకరకాయ పులుసు గురించి ఆయన ఇప్పటికీ నిజం చెప్పడు, అది వేరే విషయం.

ఇక చివరగా ఒక మాట. ఇందాక గుమ్మం దగ్గర కార్యదర్శిగారు ఆరోగ్యం ఎలా ఉందంటే, దివ్యంగా ఉందన్నాను. లేదు. వచ్చే నెల ఆరో తారీఖున హైదరాబాదులో నాకు గుండె ఆపరేషన్. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఇంకా ఇలా చెప్పలేదు. మా ఆవిడ ఆ మూడో వరుసలో కూర్చుని ఉంది, ఇప్పుడే విన్నది.

కాగితం మీద ఇంతవరకే రాసుకొచ్చాను.