స్టేషను డైరీలో ఒక రసీదు

(పాలకొల్లులో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న వేసవిలో మా అబ్బాయితోను, మనుమడితోను కలిసి తుని, నర్సీపట్నంల మీదుగా కృష్ణదేవిపేట వెళ్లి అల్లూరి సీతారామరాజు గారి స్మారకం చూసి వచ్చాను. రాజుగారు మనకు పరాయివారు కారు. వారి స్వగ్రామం భీమవరం దగ్గరి మోగల్లు. మన పక్కనున్న నరసాపురం టేలర్ హైస్కూలులో కొంతకాలం చదివారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను కాల్చి చంపి, దేహాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండలేదు.

సమాధి దగ్గర నిలబడి మనుమడికి ఆ కథంతా చెప్పాను. అడవి చట్టాలు పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నాయి. రోడ్డు పనికి మన్యం వారిని తోలుకుపోయి న్యాయమైన కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంటే తిరుగుబాటయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. పట్టుకుపోయిన తుపాకుల వివరాలు స్టేషను డైరీలో రాసి, రాజుగారు సంతకం పెట్టేవారు.

"తాతగారూ, పట్టుకుపోయేవాడు రసీదు ఎందుకిచ్చాడు?" అన్నాడు మనుమడు.

"దొంగతనం కాదు కనుక" అన్నాను. గుమాస్తాగా బతికినవాణ్ణి, ఆ సమాధానం చెప్పినందుకు కాస్త గర్వపడ్డాను కూడా. కాని ఆ రాత్రి నర్సీపట్నం లాడ్జిలో నిద్ర పట్టలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలువ పూడికతీత పనికి మస్టరు రోలు రాసేవాణ్ణి. కూలీల చేతికిచ్చినది ఒకటి, రోలులో పడినది ఒకటి. పైవారు చెప్పారు, నేను రాశాను. అందులో నాకు పైసా ముట్టలేదు. ఇన్నాళ్లూ ఆ మాటే చెప్పుకుని సరిపెట్టుకున్నాను. ఒకనాడు ఒక ముసలమ్మ బొటనవేలికి సిరా అద్దుకుని, "ఎంతని రాశారు బాబూ?" అనడిగింది. "నీకెందుకమ్మా, ముద్ర వెయ్యి" అన్నాను. వేసి వెళ్లిపోయింది. చదువు రానిది ఆవిడకు, వచ్చినది నాకు.

ప్రాణాలకు తెగించి పోరాడుతున్నవాడు, తన శత్రువు పుస్తకంలో కూడా ఉన్నది ఉన్నట్టు రాశాడు. నెల జీతం భద్రంగా అందుకుంటున్న నేను ఆ పని చేయలేకపోయాను. ఆవిడ పేరు కూడా నాకు గుర్తు లేదు.

సోదరులారా, మన అనుభవాలు పిల్లలకు చెప్పాలని ప్రతి సమావేశంలోను అనుకుంటాం. మంచివే చెబుతున్నాం. రాయవలసినది రాయని రోజులు కూడా చెబితే, రేపు ఏ కుర్చీలోనో కూర్చునే పిల్లవాడికి అవి ఎక్కువ ఉపయోగపడతాయని నా మనవి.

మా మనుమడు అదుగో, రెండో వరుసలో కూర్చుని ఉన్నాడు. ఈ సంగతి వాడు వినడం ఇదే మొదటిసారి.