పాలు మానాలా, మందు మానాలా?

(వాడలో జరిగిన మహిళల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు మాట్లాడిన మాటలు)



నేను డాక్టర్ని కాదు, పంతులమ్మని. చదివి, అడిగి తెలుసుకున్నది చెబుతున్నా. చంటిబిడ్డ తల్లికి జొరమొస్తే మన వాడల్లో రెండే తీర్పులు. ‘మందు మింగావు, బిడ్డకు పాలు మానిపించు’ అంటారొకరు. ‘బిడ్డ కోసం మందు మానెయ్’ అంటారింకొకరు. మొదటి తీర్పుతో కూలి డబ్బులు డబ్బాపాలకు పోతాయి, మంచినీళ్లు లేనిచోట ఆ పాలతో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. రెండో తీర్పుతో తల్లి మంచాన పడుతుంది. చాలాసార్లు రెండూ అక్కర్లేదు.

మింగిన మందు నెత్తురులో కలుస్తుంది. చాలా మందులు అక్కణ్ణించి పాలలోకి దిగేది బహు కొద్ది. జొరానికి పారాసెటమాల్, నొప్పికి ఇబుప్రొఫెన్, ఇన్‌ఫెక్షన్‌కు అమోక్సిసిలిన్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడుతూ పాలివ్వొచ్చు. మామూలు టీబీ మందులు వాడే తల్లి కూడా ఇవ్వొచ్చు. ఒంటేలు ఎర్రబడిందని మందు ఆపొద్దు. అయితే దగ్గు తుంపర బిడ్డమీద పడకుండా నోటికి గుడ్డ కట్టుకోవాలి. బిడ్డకూ పరీక్ష చేయించాలి. పాలలో దిగిన ఆ కొద్ది మందు బిడ్డకు టీబీ రాకుండా ఆపలేదు.

అన్ని మందులూ ఒకటి కావు. కొడీన్ ఉన్న దగ్గుమందు వద్దు. అది ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది, బిడ్డ మత్తుగా పడి ఊపిరి మందగించొచ్చు. పాలిచ్చే తల్లులు దాన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కేన్సర్ మందులకు, రేడియో అయోడిన్ వైద్యానికి పాలు ఆపాల్సి వస్తుంది. కాన్పుల ఎడానికి మింగే మాలా-ఎన్ పాలను తగ్గించొచ్చు, ఆరు నెలలదాకా వద్దు. దాని బదులు ఛాయ మాత్ర ఉంది. రెండు నెలల లోపు బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే మరీ జాగ్రత్త.

మరి మనమేం చెయ్యాలి? వాళ్లు అడగకపోయినా ‘నేను పాలిచ్చే తల్లిని, బిడ్డకిన్ని నెలలు’ అని ముందే చెప్పాలి. కాగితంలో చుట్టిచ్చిన మాత్రకు పేరు రాసిమ్మనాలి. ‘పాలు మానెయ్’ అంటే మూడు ప్రశ్నలు వెయ్యాలి: ఏ మందు వల్ల? ఎన్నాళ్లు? వేరే మందు లేదా? కొద్దిరోజులే ఆపాల్సొస్తే పాలు పిండి పారబోస్తుండాలి, లేకుంటే ఎండిపోతాయి. మందు మొదలెట్టాక బిడ్డ లేపినా లేవకపోతే, పాలు పట్టకపోతే వెంటనే ఆసుపత్రికి ఎత్తుకెళ్లాలి.

అడిగితే కసురుకుంటారని మన భయం. చేతులు కట్టుకు నిలబడింది చాలు. ఒక్కదానివే అడగలేకపోతే ఆశా అక్కను వెంటబెట్టుకో, ఇద్దరు కలిసెళ్లండి. మన బిడ్డ నోటికాడి పాలు అడక్కుండా వదులుకోవద్దు!