ఏ జంతువుకు ఏ ములికి



తుపాకీ వేటగాడు దూరం నుంచి కొడతాడు. పెద్ద జంతువుకు ఒంట్లో దిగాక విచ్చుకునే తూటా ఎంచుకుంటాడు. మన నల్లమల చెంచుల బాణానికి ఆ వేగం ఎక్కడిది? ఇనుప ములికి లోతుగా కోయాలి, నెత్తురు కారాలి. అంటే గాలివాటం చూసుకుని, ఆకు చప్పుడు కాకుండా దగ్గరికి పోవాలి. పిట్టకైతే మొద్దు మొన చాలు, చీల్చకుండా పడగొడుతుంది.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. మళ్లీ వేటాడదామని మేం అనడం లేదు. కానీ ఈ లెక్కలు తెలిసిన తాతలు పెంటల్లో కొద్దిమందే మిగిలారు. మనమేమో పిల్లల చేతికి ములికి లేని బాణమిచ్చి ఫొటోలు దిగుతున్నాం! ఈ వేసవిలో పెంటపెంటకూ పోయి ములుకుల పేర్లు రాసుకుందాం. నోటుపుస్తకాలు సంఘమే ఇస్తుంది.