పిల్లిపీచర దుంపలు: గుర్తించు విధము, వండు విధము
(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



మన చేని గట్లమీదను, ముండ్లకంచెలలోను, గుట్టల యంచులను ప్రాకు తీగలలో పిల్లిపీచర యొకటి. దీనినే కొందరు పిల్లితేగలనియు, కొందరు చల్లగడ్డలనియు, వైద్యులు శతావరి యనియు, శతమూలి యనియు వ్యవహరింతురు. ఉర్దూలో సతావర్ అందురు. కన్నడమున అనేకమంది బిడ్డల తల్లి యను నర్థము వచ్చు పేరు దీనికి కలదు. ఒక్క మొదలునకు పెక్కు దుంపలు గుత్తిగా వ్రేలాడుటయే యిట్టి పేళ్లకు కారణము. శాస్త్రజ్ఞులు దీనిని ఆస్పరాగస్ రెసిమోసస్ అందురు.

దస్తావేజులను భాషాంతరీకరించుట నా వృత్తి. దస్తావేజులో పేరు తప్పినచో దిద్దుకొనవచ్చును. దుంప విషయమున పేరు తప్పినచో దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. కావున వంటకు ముందు గుర్తింపును గూర్చి మనవిచేసెదను.

గుర్తించు విధము

పిల్లిపీచర తీగకు వెనుకకు వంగిన ముండ్లుండును. ఆకులవలె కనబడునవి సన్నని పచ్చని సూదులు. గుత్తులు గుత్తులుగా నుండును. పువ్వులు తెల్లనివి, మిక్కిలి చిన్నవి, సువాసన గలవి. పండ్లు బఠాణీగింజవలె గుండ్రనివై యెర్రబారును, వానిని తినరాదు. దుంపలు తెల్లనివై, వ్రేలి లావున, రెండు కొనలను సన్నబడి యుండును.

అదే కంచెలో, అదే వానకాలమున మరియొక తీగ పెరుగును. దానిని అడవినాభి యనియు, అగ్నిశిఖ యనియు పిలుతురు. దాని యాకు కొన నులితీగవలె చుట్టుకొని యూతను పట్టుకొనును. పువ్వు పసుపును ఎరుపును గలసి మంటవలె నుండును. దుంప నాగలివలె వంగి యుండుటచే సంస్కృతమున లాంగలి యనిరి. దానికి గర్భఘాతిని యనియు పేరు గలదు. బాలింతలకు పాలు పడుటకై శతావరి నిచ్చు వాడుక మన యిండ్లలో పూర్వమునుండి యున్నది. ఆ దుంపకు మారుగా ఈ దుంప యింటికి వచ్చినచో గలుగు ననర్థమును వేరుగ చెప్పనక్కరలేదు. ఇందలి కోల్చిసిన్ అను విషము ఉడికించినను పోదు. కొలది గంటలలో వాంతులు, విరేచనములు ప్రారంభమై, పిదప ప్రాణాపాయము సంభవించును. అట్టి సమయమున నాటుమందులతో కాలము గడపక, మిగిలిన దుంపను వెంటగొని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

వానలు వెనుకబట్టిన పిమ్మట అడవినాభి తీగ యెండిపోవును. దుంప మాత్రము నేలలో నిలుచును. కావున ముండ్లతీగ కంటికి కనబడక యే దుంపను త్రవ్వరాదు. మొక్కను చూడక, అపరిచితులు తెచ్చిన దుంపలను వంటకై కొనరాదు.

త్రవ్వు విధము

వానలు తగ్గి నేల యారిన పిదప, మొదలునకు ఒక ప్రక్కనే మట్టి తీసి, సగము దుంపలను మాత్రము కోసి, మొదలును కదలింపక మరల మట్టి కప్పవలెను. గుత్తినంతయు పెరికినచో ఆ తీగ యంతటితో నశించును. రిజర్వు అడవులలో అనుమతి లేక త్రవ్వుట నేరము.

శుద్ధి చేయు విధము

దుంపలను రెండు మూడు నీళ్లలో కడిగి, మరుగు నీటిలో కొంతసేపు ఉడికింపవలెను. అప్పుడు పైపొర సులభముగ నూడివచ్చును. తరువాత నిలువుగ చీల్చి నడుమ నుండు నారను లాగివేయవలెను. ఈ నార ఉడుకదు, నమలబడదు. అడవినాభి దుంపలో నిట్టి నార యుండదు. కావున నారలేని దుంప చేతికి వచ్చినచో దానిని కుండలో వేయరాదు. అయినను నారయొక్కటే గుర్తు గాదు. తీగను చూచుటయే ముఖ్యము. ఒలిచిన ముక్కలు జిగటగను, కొంచెము చేదుగను ఉండును. ఒక నీరు పారబోసి మరల కడిగినచో చేదు తగ్గును.

వంటకములు

పాయసము: ముక్కలు 1 పాలు, ఆవుపాలు 4 పాళ్లు తీసికొని, ముక్కలు మెత్తబడువరకు సన్నని సెగపై కాచవలెను. పొయ్యిమీదనుండి దించి కొంచెము చల్లారిన పిదప అరపాలు బెల్లము, ఏలకులపొడి కలుపవలెను. కాగుచుండగా బెల్లము వేసినచో పాలు విరుగును.

పప్పు: కందిపప్పు 2 పాళ్లు, ముక్కలు 1 పాలు చేర్చి యుడికింపవలెను. రెండును మెత్తబడిన పిమ్మటనే చింతపండు పులుసు, ఉప్పు, కారము వేసి తాలింపు పెట్టవలెను. పులుసు ముందు పోసినచో పప్పు ఉడుకదు.

మురబ్బా: ఉడికి యారిన ముక్కలను సమానమైన తూకము చక్కెరతో తీగపాకము వచ్చువరకు కాచి, తడిలేని జాడీలో నుంచవలెను.

మొలకలు: తొలకరిని నేలనుండి లేచు లేత మొలకలను, సూదులు విచ్చక ముండ్లు ముదురక పూర్వమే జానెడు మేర కోసి, ఉడికించి నీరు వార్చి, ఉల్లిపాయలతో వేపుడు చేయవచ్చును. మహారాష్ట్రమునను నేపాళమునను ఇట్లు కూరగా తిందురు. ఒక్క మొదలున మొలకలన్నిటిని కోయరాదు.

వాడుకలో జాగ్రత్త

ఇది కొలదిగా తినదగిన యాహారము. సర్వరోగ నివారణము గాదు. గర్భిణీలును, మూత్రపిండముల వ్యాధి గలవారును, నిత్యము మందులు సేవించువారును వైద్యు నడిగియే తినవలెను.

గట్టున పెంచుట

అడవిలో వెదకుటకంటె సొంత గట్టున పెంచుట మేలు. ఏ తీగ దుంపయో సంశయ ముండదు. 2000 సంవత్సరమున భారత ప్రభుత్వము స్థాపించిన జాతీయ ఔషధమొక్కల మండలి సాగునకై ప్రోత్సహించిన మొక్కలలో శతావరి యొకటి. విత్తనములను నానబెట్టి తొలకరిని నారుపోసి, మొక్కలను 2 అడుగుల యెడముగ నాటి, ఊతకర్రలు పాతవలెను. నీరు నిలిచిన నేలలో దుంప క్రుళ్లును. 18 మొదలు 24 నెలలకు దుంపలు వంటకును విక్రయమునకును అక్కరకు వచ్చును.

ప్రతి కాపును తన గట్టున పది తీగలు నాటినచో ఇంటికి కూరయు, కంచెకు బలమును చేకూరును. ఈ సంగతులను ఇంటి స్త్రీలకును, పొలమున త్రవ్వు కూలివారికిని చదివి వినిపింప ప్రార్థించుచున్నాను. దుంపను త్రవ్వువారు వారే, వండువారును వారే.