కత్తికి పొన్ను ఎందుకు? ఏ లోహం తీసుకోవాలి, ఎట్ల బిగించాలి?

ఈ రోజు బ్లేడు గురించి మాట్లాడను. బ్లేడు, పిడి కలిసే చోట ఉండే చిన్న లోహపు ముక్క గురించి చెప్తా. పిడి మొదట్లో తొడిగే ఆ రింగును మనం పొన్ను అంటం.

ముందు నా తప్పు చెప్పాలె. నేను చేసిన మొదటి కత్తి మా అమ్మకు ఇచ్చిన. పొన్ను బంగారం లెక్క మెరిసింది. ఆరు నెలల తర్వాత గుమ్మడికాయ కోస్తుంటే పిడి చీలి, బ్లేడు పక్కకు తిరిగింది. అమ్మ బొటనవేలికి మూడు కుట్లు పడ్డయి. విప్పి చూస్తే, పిడిలోకి పోయే బ్లేడు తోక మొత్తం తుప్పు పట్టింది. పొన్నుకూ తోకకూ నడుమ వెంట్రుకంత సందు ఉంది. కడిగినప్పుడల్లా అందులోంచి నీళ్లు పోయినయి. ఆ మెరుపు కూడా ఇత్తడిది కాదు, ఇనుము మీద పూత.

అంటే పొన్ను సోకు కోసం కాదు. చెక్క చీలకుండా పట్టుకోవాలి, నీళ్లు లోపలికి పోకుండా ఆపాలి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎందుకు వేస్తరో, పిడికి పొన్ను కూడా అందుకే.

మన దిక్కు ఉక్కుకు పాత పేరుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు ఎట్ల చేసేవారో హెన్రీ వోయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు ఇంత దూరం వచ్చేవారు. కానీ ఎంత గొప్ప ఉక్కైనా పిడి వదులైతే చేతిలో నిలవదు.

మరి ఏ లోహం? మొదటిసారి చేసేవాళ్లకు ఇత్తడి మంచిది. తుప్పు పట్టదు, ఆకురాయికి సులువుగా అరుగుతుంది. రాగి ఇంకా మెత్తన, తొందరగా సొట్టలు పడుతుంది. నిమ్మకాయ, చింతపండు ఎక్కువ తగిలే వంటింటి కత్తికి స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు, కానీ రంధ్రం వేయడం కష్టం. కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడి అని ఇచ్చిన ముక్కకు అది అంటుకుంటే లోపల ఇనుమే.

పోత ముక్క కావాలంటే మన దగ్గరే ఆ పని ఉంది. జైనూర్ మండలం ఉషేగాంలో ఓజా కళాకారులు మైనంతో రూపం చేసి, మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తరు. ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. పోత ముక్క ఏదైనా సరే, సూది రంధ్రాలు ఉన్నయా అని చూసుకోండి. ఆ రంధ్రాల్లో కూడా నీళ్లు నిలుస్తయి.

ఇప్పుడు బిగించే పని. తోక మందం 3 మిల్లీమీటర్లయితే 2.5 మిల్లీమీటర్ల బిట్‌తో వరుసగా రంధ్రాలు వేయండి. వాటిని సన్న ఆకురాయితో కలుపుతూ, కొంచెం కొంచెం అరగదీస్తూ తోకకు సరిపెట్టాలె. తొందరపడితే సందు వస్తది. నేను మొదటిసారి చేసింది అదే. తర్వాత గది చీకటి చేసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. వెలుగు కనిపించిందంటే నీళ్లు కూడా పోతయి. ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి చేయండి.

బ్లేడు వైపు ఉండే ముఖాన్ని బిగించకముందే నున్నగా చేయాలె. తర్వాత అక్కడికి చేయి పోదు, పోయినా బ్లేడు మీద గీతలు పడతయి. ఎమరీ పేపర్ 220, 400, 600, 1000 వరుసలో వాడండి. పేపర్ మార్చినప్పుడల్లా రుద్దే దిశ కూడా మార్చండి. పాత గీతలు పోయినంకనే తర్వాతి పేపర్ పట్టాలె.

అసిటోన్‌తో జిడ్డు తుడిచి, ఎపాక్సీ పెట్టి బిగించండి. పిడికి టేకు బాగుంటది. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క మెత్తన, పిడికి ఆగదు. మెషీన్ మీద రుద్దితే ఇత్తడి తొందరగా వేడెక్కుతది, ఆ వేడికి ఎపాక్సీ పట్టు వదులుతది. చేతికి కాలేదాక ఆగకుండా, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వండి. మాస్క్ మరువద్దు.

అమ్మకు రెండో కత్తి చేసిచ్చిన. తీసుకోగానే పొన్ను మెరుపు చూడలే. పిడి పట్టుకొని అటూ ఇటూ ఊపి చూసింది. నేనిప్పుడు ఎవరికి కత్తి ఇచ్చినా ముందు అట్లనే ఊపి చూస్తా. మీరు కూడా చూడండి.